తాతిక్ తిప్పి పంపిన రెండు నోట్లు

ఈ వారం ఉత్తరం రాజమండ్రి నుంచి. రాసినావిడకి 46 ఏళ్లు, బడిలో లెక్కల టీచరు. పేరు వద్దన్నారు. తొమ్మిది పేజీలు రాశారు కాబట్టి కుదించి చెప్తున్నాను.

ఆవిడ అక్క కొడుకు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. వాణ్ని చూసినట్టూ ఉంటుంది, దేశం చూసినట్టూ ఉంటుందని దసరా సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ ఆర్మేనియా వెళ్లారు. దక్షిణాన గోరిస్ దగ్గర ఖంజోరెస్క్ అనే పాత గుహల ఊరుంది. అక్కడి వేలాడే వంతెన మీద ఫొటోలు తీసుకుంటూ పొద్దు మర్చిపోయారు. లోయలోంచి ఎక్కి రోడ్డు మీదికొచ్చేసరికి చీకటి పడింది, సన్నగా వాన, ఒక్క బండీ లేదు. చివరికి ఒక పాత లాడా కారు ఆగింది. అందులో ఉన్న ముసలాయనకి ఇంగ్లీషు రాదు. నోటికి చెయ్యి పెట్టి తింటున్నట్టు, చెంప కింద చెయ్యి పెట్టి పడుకున్నట్టు సైగ చేశాడు. ఎక్కారు.

ఒక రాత్రికని వెళ్లినవాళ్లు రెండు రాత్రులు ఉండిపోయారు. ఇంటావిడని అందరూ 'తాతిక్' అంటారు, అంటే నాయనమ్మ. ముసలాయన 'పాపిక్'. 2023లో కరాబాఖ్ ప్రాంతం అజర్‌బైజాన్ వశమైనప్పుడు అక్కడి స్తెపనాకెర్త్ పట్నం నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన తాతిక్ చెల్లెలి కూతురు, ఇద్దరు పిల్లలూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. రెండో రోజు పాపిక్ వీళ్ల కోసమని నిప్పులు రాజేసి ఖొరొవాత్స్, అంటే మాంసం ముక్కలు చువ్వలకి గుచ్చి కాల్చడం, మొదలుపెట్టాడు. ఈవిడ శాకాహారి. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, కడుపులో పుండు ఉందని, డాక్టరు మాంసం వద్దన్నాడని ఫోన్లో అనువాదం చేసి చూపించారు. వెళ్లేటప్పుడు ఎంత ఇవ్వబోయినా తీసుకోరని అర్థమై, చక్కెర గిన్నె కింద రెండు పదివేల ద్రామ్‌ల నోట్లు పెట్టి వచ్చేశారు. మన డబ్బుల్లో నాలుగున్నర వేలకి అటూ ఇటూ.

పది రోజులకి యెరెవాన్‌లో ఉన్న అబ్బాయికి ఆ ఊరి వ్యాన్ డ్రైవరు ఒక సంచీ తెచ్చి ఇచ్చాడు. ఎండు ఆప్రికాట్లు, లవాష్ రొట్టెల కట్ట, పచ్చి వాల్‌నట్ మురాబా సీసా. సీసా మూత చుట్టూ దారంతో కట్టి అవే రెండు నోట్లు. ఊరికి వస్తున్న స్నేహితుడి చేత వాడు ఆ సీసా రాజమండ్రి చేర్చాడు. తర్వాత యెరెవాన్‌లో ఉండే తాతిక్ కూతురు మెసేజ్ పెట్టింది. డబ్బు చూసి అమ్మ ఏడ్చిందట. మీ కడుపు నొప్పి తగ్గాలని తాతెవ్ మఠంలో కొవ్వొత్తి వెలిగించిందట. జనవరిలో నేనూ మా ఆయనా ఇండియా వద్దామనుకుంటున్నాం, మీ ఇంటికి తప్పకుండా వెళ్లమని అమ్మ ఆర్డరు అని కూడా రాసింది.

ఆవిడ ఉండేది రెండు పడగ్గదుల ఫ్లాటు. 78 ఏళ్ల అత్తగారు మడీ ఆచారం ఉన్న మనిషి. భర్తేమో "మంచి హోటల్ బుక్ చేద్దాం, బిల్లు మనమే కడదాం, లెక్క సరిపోతుంది" అంటున్నారు. "ఆ రెండు రోజులూ నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ ఇప్పుడు ఆ అమ్మాయి నంబరు నుంచి ఫోను మోగితే భయమేస్తోంది. ఏం చెయ్యమంటారు?" ఇదీ ప్రశ్న.

*

మీ ఉత్తరం చదువుతుంటే వానలో నిలబడ్డ మిమ్మల్నిద్దర్నీ నేనే చూస్తున్నట్టు అనిపించింది. నేనూ ఆ దేశంలో రెండు వారాలు తిరిగాను. మీ అంత అదృష్టం పట్టలేదు, నాకు బండి దొరికింది.

ముందు డబ్బు సంగతి. మీరు చేసింది మన అలవాటు ప్రకారం తప్పేం కాదు. పెళ్లికి వెళ్తే చదివింపులు రాయిస్తాం, కవర్లో నూటపదహార్లు పెడతాం. చుట్టం చూపుగా వచ్చిన మేనమామ బయల్దేరేటప్పుడు పిల్లాడి గుప్పిట్లో నోటు కుక్కుతాడు. తల్లి "ఎందుకన్నయ్యా ఇవన్నీ" అంటూనే ఉంటుంది, పిల్లాడు గుప్పిట విప్పడు. మన దగ్గర ప్రేమ అలా నోటు రూపంలోనూ నడుస్తుంది. కానీ ఒకటి గమనించండి, మనం కూడా ఆ నోటు ఎదురుగా, నవ్వుతూ, కాస్త పెనుగులాడి మరీ ఇస్తాం. చక్కెర గిన్నె కింద పెట్టి వెళ్లం. మీ సొంత అక్క ఇంట్లో రెండ్రోజులుండి తలగడ కింద నాలుగువేలు దాచి వచ్చేస్తే ఆవిడేమంటుంది? "నేనేమైనా లాడ్జీ నడుపుతున్నానా?" అంటుంది. తాతిక్ అన్నదీ అదే. మాటలు రాక మురాబా సీసాకి కట్టి పంపింది.

ఆ ఇంటి పరిస్థితి చూసి మీకు మనసాగలేదని రాశారు. అది అర్థమైంది. 2023 సెప్టెంబరు చివర్లో వారం రోజుల్లో లక్ష మందికి పైగా జనం కరాబాఖ్ వదిలి ఆర్మేనియా వచ్చారు. ఆ రోడ్డు దిగితే మొదట తగిలే పెద్ద ఊరు గోరిసే. మీరు వెతుక్కుంటూ నిలబడ్డ ఆ చుట్టుపక్కల రోడ్ల మీదే కార్ల మీద పరుపులూ గిన్నెలూ కట్టుకుని బారులు తీరారు. తాతిక్ ఇంట్లో అప్పటికే అలా వచ్చిన ముగ్గురు చేరారు. అలాంటి ఇంట్లో ఇంకా ఇద్దరు అపరిచితులకి మంచం వేశారంటే, మా ఇల్లు ఇంకా ఇల్లుగానే ఉంది, వచ్చినవాళ్లకి పెట్టే స్థితిలోనే ఉన్నాం అని వాళ్లకి వాళ్లు చెప్పుకుంటున్నారని నాకనిపిస్తుంది. సరిగ్గా అక్కడ మీ నోట్లు "మీకు జరుగుబాటు లేదు కదా" అన్నాయి. మీరు అనలేదు, నోట్లు అన్నాయి.

అంటే అక్కడ ఎవరికీ డబ్బు ఇవ్వకూడదనుకునేరు. గెఘార్ద్ మఠం కొండను తొలిచి కట్టింది. దాని గుమ్మం ముందు ఆడవాళ్లు గాతా అనే తియ్యరొట్టెలు అమ్ముతారు. ఒకావిడ దగ్గర ధర అడిగి, బేరమాడి మరీ కొన్నాను. ఆవిడేం నొచ్చుకోలేదు. డబ్బు లెక్కపెట్టుకున్నాక నా రెండో చేతిలో గుప్పెడు వాల్‌నట్లు పోసింది. వాటికీ చిల్లర తీయబోతే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఇందాక బేరానికి రాని కోపం అప్పుడొచ్చింది. గెస్ట్‌హౌస్‌లో, టాక్సీలో, వ్యాన్‌లో ధర ముందే చెప్తారు, కట్టేయడమే. గేటు దగ్గర నిలబడి కాఫీకి రమ్మని పిలిచారంటే ఇక అక్కడ పర్సు తీయకూడదు. ఈ తేడా పట్టుకోవడం కష్టమేం కాదు, మన పల్లెటూళ్లలోనూ ఉన్నదే. వాళ్ల భాషలో భోజనం చెయ్యడాన్ని 'రొట్టె తినడం' అంటారు, మనం కూర, పులుసు, పెరుగు అన్నీ కలిపి 'అన్నం తిన్నారా' అన్నట్టే.

ఇప్పుడు ఆ రెండు నోట్లని ఏం చెయ్యాలి? మళ్లీ పంపాలన్న ఆలోచన ఉత్తరంలో ఒకచోట మెరిసింది. వద్దు. అది మళ్లీ సీసాకి కట్టుకుని వస్తుంది, ఈసారి మురాబా లేకుండా. పొడుగాటి క్షమాపణ రాయొచ్చు. కానీ కూతురు దాన్ని చదివి, అర్థం చేసుకుని, తల్లికి ఫోన్లో చెప్పేసరికి "మీరు పేదవాళ్లని అనుకోలేదు" అన్న వాక్యం "పేదవాళ్లు" ఒక్కటే మిగిలేలా చేరే ప్రమాదం ఉంది. అసలేమీ అనకుండా ఊరుకోవచ్చు. కొన్నాళ్లకి అదీ సర్దుకుంటుంది, కానీ ఫోను మోగితే మీకు భయం పోదు. ఆ ఇంట్లో పిల్లలకి పుస్తకాలూ రంగు పెన్సిళ్లూ పంపితే అందులో తాతిక్‌కి తప్పు కనిపించదు, పిల్లలకి వస్తువు ఇవ్వడం ఎక్కడైనా చెల్లుతుంది. కాకపోతే అది వాళ్ల గురించి అయ్యుండాలి, ఆ నాలుగున్నర వేలు ఎలాగైనా వదిలించుకోవడానికి కాదు. నన్నడిగితే ఆ నోట్లు ఒక పుస్తకంలో పెట్టి ఉంచుకోండి. వాటి మీద ఉన్నాయన కోమితాస్, ఊరూరా తిరిగి పల్లెపాటలు సేకరించిన స్వరకర్త. దాచుకోవడానికి తగ్గ ముఖమే.

తాతిక్‌కి మాత్రం చిన్న వీడియో పెట్టండి. క్షమాపణ కోసం పెట్టొద్దు. మీరూ, మీ ఆయనా, మీ అత్తగారూ ఆ మురాబా తింటున్న వీడియో. వాల్‌నట్ కాయ పచ్చిగా, లోపలి పెంకు గట్టిపడకముందే కోసి, రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి, పాకంలో మరిగిస్తే నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది. అంత చాకిరీ చేసి పంపినావిడకి మీరు తిన్నారో లేదో తెలియాలి కదా. మనం మురబ్బా అన్నదాన్నే వాళ్లు మురాబా అంటారు కాబట్టి ఆ ఒక్క మాటకి అనువాదం కూడా అక్కర్లేదు.

అబద్ధం సంగతికొస్తే, నాకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. లేని పుండుకి తాతెవ్‌లో కొవ్వొత్తి! తాతెవ్ మీరు చూశారు కదా, వొరొతాన్ లోయ అంచున తొమ్మిదో శతాబ్దం నాటి మఠం. ఇటు హలిద్జోర్ నుంచి లోయ మీదుగా 5.7 కిలోమీటర్ల రోప్‌వేలో మనం పన్నెండు నిమిషాల్లో దాటేస్తాం. 2010కి ముందు అందరూ ఆ మెలికల రోడ్డు దిగి ఎక్కాల్సిందే. ఆ వయసులో మీ కడుపు కోసం అక్కడిదాకా వెళ్లిందంటే ఇది ఇంకా సాగనివ్వడం నాకిష్టం లేదు. సాగనిస్తే కూతురు జనవరిలో మీకు మందులు మోసుకొస్తుంది. మీరు ఆవకాయ కలుపుకుంటూ దొరికిపోతారు.

నిజం చెప్పడానికి వాళ్ల దగ్గరే ఒక మాట ఉంది. 'పాస్' అంటే ఉపవాసం. ఈస్టరుకి ముందు నలభై రోజుల పెద్ద పాస్‌లో నిష్ఠగా ఉండేవాళ్లు మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఆ రోజుల వంటకి 'పాసుత్స్' అని వేరే పేరు. శనగలూ, చిక్కుడు గింజలూ, పప్పూ కలిపి క్యాబేజీ ఆకుల్లో చుట్టే పాసుత్స్ తోల్మా మన ఇళ్లలోకి నేరుగా వచ్చేయొచ్చు. "మా ఇంట్లో పుట్టినప్పటినుంచీ పాసే. పాపిక్ మనసు నొచ్చుకుంటుందని డాక్టరు మీద పెట్టాను" అని రాయండి. కూతురు ఒక్క క్షణం బిత్తరపోతుంది, మీ ఇద్దరి మధ్యా కాసేపు ఇబ్బందిగా ఉంటుంది. తాతిక్ అయితే బహుశా "ముందే చెప్తే ఆకుకూర రొట్టెలు ఇంకో పది కాల్చేదాన్ని కదా" అంటుంది. మీరు పేరు తెలీదని రాసిన ఆ రొట్టె జెంగ్యాలోవ్ హాత్స్. పదీ పదిహేను రకాల ఆకులు సన్నగా తరిగి పల్చటి పిండిలో కూరి పెనం మీద కాలుస్తారు. కరాబాఖ్ వాళ్ల వంట అది. ఆ రోజు పిండి ఒత్తింది చెల్లెలి కూతురని రాశారు కదా. ఆ ఇంట్లో మీకు అన్నిటికంటే నచ్చింది ఊరు పోగొట్టుకున్న ఆ అమ్మాయి చేతి రొట్టె. ఈ మాట తప్పక రాయండి. కడుపు గురించి చెప్పే మెసేజ్‌లోనే రాయండి.

ఇక జనవరి.

మీ ఆయన "లెక్క సరిపోతుంది" అన్నారన్నారు. లెక్కల టీచరు మీరు, మాట ఆయనది. ఆయన్ని నేను తప్పుపట్టను, మగవాళ్లు చాలామంది ఋణం ఉంటే నిద్రపోలేరు. కానీ మనకి ఋణానుబంధం అని ఒక మాట ఉంది, అందులో ఋణం తీసేస్తే ఏం మిగులుతుందో ఆయన్నే అడగండి. హోటల్ గదీ బిల్లూ పెడితే వాళ్లు సుఖంగా పడుకుంటారు, మీ ఇల్లూ ప్రశాంతంగా ఉంటుంది, అదేం చిన్న లాభం కాదు. మీరు లాడాలోంచి దిగాక తాతిక్ మిమ్మల్ని గోరిస్‌లో హోటల్‌కి పంపి ఉంటే మీరు ఈ తొమ్మిది పేజీలు రాసేవారు కాదన్నదీ నిజమే.

అయితే ముందుగా, వాళ్లు నిజంగా వస్తున్నారా? మనం "ఈసారి వేసవికి మీ ఊరే" అని ఎంతమందితో అనలేదు! విమానం టిక్కెట్లు వాళ్లకీ భారమే. "ఏ తేదీలు అనుకుంటున్నారు?" అని అడగండి. తేదీలు చెప్తే వస్తున్నట్టు. "చూద్దాం" అంటే మర్యాదకి అన్నట్టు, మీరూ మర్యాదగానే ఊరుకోవచ్చు. వాళ్ల క్రిస్మస్ జనవరి 6న. కొత్త సంవత్సరం నుంచి అప్పటిదాకా అక్కడ ప్రతి ఇంట్లో బల్లల నిండా తిండి, ఇల్లిల్లూ తిరగడాలు. అది దాటాక బయల్దేరమంటే సరిగ్గా సంక్రాంతికి దిగుతారు. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు. మీరు ప్రత్యేకంగా చూపించాల్సిందేమీ ఉండదు, వీధి చూపిస్తుంది.

అత్తగారి గురించి మీ ఉత్తరంలో దాదాపు ఒక పేజీ ఉంది. మడి గురించి, వంటింటి గురించి, ఆవిడ వయసు గురించి. కానీ ఆవిడ అన్న మాట అందులో ఒక్కటీ లేదు. మీరు ఆవిణ్ని అడగనే లేదు, అవునా? ఆవిడ తరఫున మీరే భయపడి, ఆవిడ తరఫున మీరే కాదనుకున్నారు. ఇది కూడా ఖొరొవాత్స్ దగ్గర చేసిన పనే. ముందు సీసా మూత తీసి ఆవిడకి ఒక స్పూను పెట్టండి. వానలో ఎవరు తలుపు తీశారో చెప్పండి. మనవడి వయసు పిల్లలు ఊరొదిలి వచ్చిన సంగతీ చెప్పండి. అప్పుడు అడగండి.

ఆవిడ ఒప్పుకుంటే వాళ్లు రెండ్రోజులు హాల్లో పరుపు మీద పడుకుంటారు, తాతిక్ ఇంట్లో మీరు పడుకున్నదీ పిల్లల గదిలోనే కదా. వంటింట్లోకి రాకూడదు, మాంసం వండం అని ముందే రాయండి. పాస్ సంగతి అప్పటికే చెప్పి ఉంటారు కాబట్టి సులువు. ఆవిడ ఒప్పుకోకపోతే పోట్లాడొద్దు. 78 ఏళ్ల మనిషికి తన ఇంట్లో తన పద్ధతి ఉండాలి. అప్పుడు రాత్రి పడక దగ్గర్లోని హోటల్లో, పొద్దున్న కాఫీ నుంచి రాత్రి పెరుగన్నం దాకా మీ ఇంట్లో. కారణం దాచకుండా చెప్పండి. "ఒకే బాత్‌రూమ్, పెద్దావిడ ఉన్నారు" అంటే యెరెవాన్‌లో ఉంటున్న అమ్మాయికి అర్థం కాకపోదు. కాస్త చిన్నబుచ్చుకున్నా, గోదావరి గట్టు మీద ఒక సాయంత్రం తిప్పితే మర్చిపోతుంది.

ఇంట్లోనే ఉంచుకుంటే ఒక పని మర్చిపోకండి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. హోటల్ అయితే వాళ్లే చూసుకుంటారు, ఇల్లయితే అది మీ పని. మీ ఆయనకి లెక్కలంటే ఇష్టం కదా, ఆయనకి అప్పగించండి.

రెండ్రోజులయ్యాక ఇద్దర్నీ మద్రాసు రైలెక్కించండి. అక్కడ ఆర్మేనియన్ వీధిలో 1772 నాటి వాళ్ల చర్చి ఉంది. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక అచ్చయింది యెరెవాన్‌లో కాదు, మద్రాసులో, 1794లో. దాని పేరు అజ్‌దరార్. హైదరాబాద్ మీదుగా వెళ్లేటట్టయితే ఉప్పుగూడలో వాళ్ల పాత సమాధులున్నాయి. మన మచిలీపట్నం రేవులో 17వ శతాబ్దంలోనే ఆర్మేనియన్ వర్తకులు బట్టల వ్యాపారం చేశారు. అందుకని తాతిక్‌కి కానుక ఏమిటని అడిగారు కదా, పెడన కలంకారీ బల్లగుడ్డ ఒకటి పంపండి. ఆ ఇంట్లో బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండదు, గుడ్డ పనికొస్తుంది. మా ఊరి దగ్గర నుంచి మీవాళ్లు ఇలాంటివే కొనుక్కెళ్లేవాళ్లని కూతురు చేత చెప్పించండి.

మళ్లీ ఎప్పుడైనా వెళ్తే వట్టి చేతులతో వెళ్లకండి, మీకు చెప్పక్కర్లేదు. పూలు పట్టుకెళ్తే బేసి సంఖ్యలో తీసుకోండి, సరి సంఖ్య పూలు వాళ్లు చావుకి తీసుకెళ్తారు. వెళ్లేటప్పుడు తాతిక్ మీ బుగ్గలు పట్టుకుని అన్న మాటకి అర్థం అడిగారు. మీరు తెలుగులో రాసినదాన్ని బట్టి అది 'త్సవత్ తానెం' అయ్యుండాలి. నీ నొప్పి నేను తీసుకుంటాను అని. మన నాయనమ్మలు కణతలకి చేతులానించి మెటికలు విరుస్తారే, అదే. అనువాదం యాప్ దానికి ఏం చూపించిందో ఊహించగలను.

చివరగా ఆ సీసా. పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మగారు నేర్పే ఉంటారు. మురాబా అయిపోయాక కడిగి, ఎండలో పెట్టి, అందులో ఉసిరికాయ మురబ్బా నింపండి. పోస్టులో వద్దు, తెచ్చిన కుర్రాడే సెలవులయ్యాక తిరిగి వెళ్తాడు కదా. మూత బిగించి రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెట్టెలో వేసుకోమనండి. చేతిసంచీలో పెట్టుకుంటే పాకం చూసి విమానాశ్రయంలో తీయించేస్తారు. యెరెవాన్‌లో గోరిస్ వైపు వెళ్లే వ్యాన్ దగ్గర ఇచ్చేస్తే చాలు, దారి ఆ డ్రైవరుకి తెలుసు. మూతకి మాత్రం ఏమీ కట్టకండి.